విద్యార్థులు నాయకులా, వేగులవారా?

ఏటేట జూన్ నెల 26వ తేది వచ్చునప్పటికి మన పట్టణముల వీధులు పిల్లల కేకలతో మారుమ్రోగుచుండును. మాదకద్రవ్యముల నెదుర్కొనుటకై ఐక్యరాజ్యసమితివారు 1987లో ఏర్పఱచిన దినమది. నాడు బాలబాలికలు పాఠశాలలనుండి వరుసలు దీరి, పెద్దలు వ్రాసి యిచ్చిన అట్టపలకలు చేతబట్టి, పెద్దలు నేర్పిన నినాదములు పలుకుచు, పెద్దలు చూపిన బాటను నడిచి కూడలి చేరుదురు. అచట నొక అధికారి జెండా నూపును. మఱియొకరు ప్రతిజ్ఞ చదివింతురు. ఛాయాచిత్రకారుడు తన పని గావించును. మఱునాడు పత్రికలో బొమ్మ వచ్చును. ఆ మఱునాడే పాఠశాల గోడకు ముప్పది గజముల దూరమున నున్న బడ్డీకొట్టుముందు ఖైనీ పొట్లములు ఎప్పటివలెనే తోరణములు గట్టి వ్రేలాడుచుండును. పాఠశాలకు నూరు గజముల లోపల పొగాకు నమ్మరాదని 2003వ సంవత్సరపు శాసనము ఘోషించుచున్నది. ఆ సంగతి ఊరేగింపులో నడచిన పిల్లలకు చెప్పినవారు అరుదు. చెప్పినచో వారు ముందుగా ఆ కొట్టువైపే నడచి యుందురు.

ఇట్టి ఊరేగింపులకు "విద్యార్థులు నడుపు ఉద్యమము" అని పేరు పెట్టుచున్నారు. ఈ పేరు తగదని మేము చెప్పుచున్నాము. ఇది విద్యార్థులు నడుపునది కాదు, విద్యార్థులచేత నడిపింపబడునది. మత్తుమందుల బారినుండి పిల్లలను కాపాడవలెనన్న పిల్లలే ముందు నడువవలెనన్న సిద్ధాంతము సత్యమే. కాని ఆ సిద్ధాంతము పేరు వాడుకొనుచు దానికి సరిగా విరుద్ధమైన పనులు చేయుట మన విద్యాలయములలో పరిపాటి యైనది. ఒక సత్యమును తిరస్కరించువానికంటె దానిని వేషముగా ధరించువాడే దానికి ఎక్కువ చెఱుపు సేయును.

ముందుగా వ్యాధి యెంతటిదో కనుగొందము. కేంద్ర సామాజిక న్యాయశాఖవారు ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థచేత దేశమంతటను విచారణ చేయించి 2019లో ఫలితములను వెల్లడించిరి. దేశమున మద్యము త్రాగువారు సుమారు 16 కోట్లమందియు, గంజాయి, భంగు మొదలగువానిని వాడువారు 3 కోట్లకు పైబడియు నున్నారని తేలెను. అందు తలిదండ్రులు ప్రత్యేకముగా గమనింపవలసిన సంగతి యొకటి కలదు. కాగితముపై తప్పులు తుడుచు వైట్‌నరు, సైకిలు గొట్టములకు పూయు జిగురు వంటి ద్రావకముల ఆవిరి పీల్చు దురలవాటు పెద్దలలోకంటె పిల్లలలోనే హెచ్చు. ఈ యొక్క దురలవాటుకే చికిత్స కావలసిన బాలలు సుమారు 4,60,000 మంది యని ఆ విచారణ చెప్పినది. ఈ వస్తువులు చీకటి సందులలో దొరకునవి కావు. పలకలు, పెన్సిళ్లు అమ్ము అంగడిలో దొరకునవి. దొంగ వ్యాపారిని పట్టుకొన్నంతమాత్రమున ఈ ఆపద తొలగదనుటకు వేఱు సాక్ష్యము అక్కఱలేదు.

బాలునికి మొదటి సిగరెట్టు ఎవ్వరిత్తురు? మన సినిమాలలోవలె నల్లకళ్లద్దములు పెట్టుకొన్న దుర్మార్గుడు కాదు. ప్రక్క బల్లపై కూర్చుండు స్నేహితుడు, ట్యూషనుకు తోడువచ్చు ఇరుగింటి అన్న, ఒక్క తరగతి పైనున్న క్రికెట్టు జట్టు నాయకుడు. "ఒక్కసారి చూడరా, ఏమీ కాదు" అను మాట స్నేహముగా వచ్చును గాని శత్రుత్వముగా రాదు. ఆ క్షణమున కాదనుటకు బాలునికి కావలసినది భయము కాదు. కాదన్నను తనను వెలివేయని మఱి నలుగురు స్నేహితులు. హెడ్మాస్టరుగారు ఆ నలుగురిలో నుండజాలరు. పోలీసు ఇన్‌స్పెక్టరుగారు అంతకంటె నుండజాలరు. తల్లియు నుండజాలదు. ఈ యొక్క కారణముననే విద్యార్థుల నాయకత్వము కావలెనని మేము కోరుచున్నాము.

పెద్దలు వేదిక నెక్కి భయపెట్టు పద్ధతి క్రొత్తది కాదు. లోకము దానిని విరివిగా పరీక్షించి చూచినది. అమెరికాలో లాస్ ఏంజిలిస్ నగరపు పోలీసువారును పాఠశాలాధికారులును కలిసి 1983లో "డేర్" అను కార్యక్రమము నారంభించిరి. పోలీసు ఉద్యోగి దుస్తులతో తరగతికి వచ్చి మత్తుమందుల కీడును బోధించును. దేశమంతటను అది వ్యాపించెను. దానికై ధనము నీళ్లవలె వెచ్చించిరి. తరువాత పండితులు లెక్కలు తీసిరి. పలు పరిశీలనలను కూర్చి 1994లో ప్రకటించిన వ్యాసమున ఫలితము అత్యల్పమని తేలెను. ఆ పాఠములు విన్న పిల్లలను పదేండ్ల తరువాత మఱల విచారింపగా విననివారికిని వారికిని భేదము కానరాలేదని 1999లో వెల్లడియయ్యెను. తుదకు 2003లో అమెరికా ప్రభుత్వపు లెక్కల తనిఖీ సంస్థయు అదే మాట చెప్పెను. దానిని నడుపువారే తరువాత ఆ పాఠక్రమమును విడిచి వేఱొకటి యెత్తుకొనిరి. భయపెట్టు ప్రసంగములును, వట్టి సమాచారమును పిల్లలను కాపాడవని ఐక్యరాజ్యసమితి సంస్థలు 2013లో ప్రకటించి 2018లో సవరించిన ప్రమాణములలోను కలదు. ఇన్ని యేండ్ల తరువాత అమెరికావారు పాఱవైచిన చొక్కాను మనము పండుగనాడు తొడుగుకొని మురియుచున్నాము.

ఇక పిల్లలే నడిపిన చోట్ల ఏమి జరిగినదో చూడుడు. మన దేశముననే, ఢిల్లీ చెన్నపట్టణములలోని 32 పాఠశాలలలో, 2004 మొదలు రెండేండ్లపాటు "మైత్రి" యను పేర నొక ప్రయత్నము జరిగినది. ఆఱవ, ఎనిమిదవ తరగతుల పిల్లలు అందు చేరిరి. శిక్షణ పొందిన విద్యార్థులు తరగతిలో చర్చలును ఆటలును నడిపిరి. ఇండ్లకు తలిదండ్రుల పేర కార్డులు పంపిరి. 2009లో ఫలితములు ప్రకటింపబడెను. ఈ పాఠములు లేని పాఠశాలలలో పొగాకు వాడుక నూటికి 68 వంతులు పెరిగినది. ఉన్న పాఠశాలలలో నూటికి 17 వంతులు తగ్గినది. దూరదేశపు మాట కాదిది. మన తెలుగువారు వేలకొలది కాపురముండు చెన్నపట్టణపు మాట.

ఇంగ్లండు, వేల్సు దేశములలో జరిగిన "అసిస్ట్" పరీక్ష ఇంకను వివరమైనది. 59 పాఠశాలలలో 10,730 మంది పిల్లలు, పండ్రెండు పదుమూడేండ్లవారు, అందు పాల్గొనిరి. వారు చేసిన మొదటి పని యేమనగా, "మీలో ఎవరి మాటను మీరు మన్నింతురు?" అని తరగతి యందలి పిల్లలనే అడుగుట. ఎక్కువ మంది పేర్కొన్నవారిని పిలిచి, పాఠశాల వెలుపల రెండు దినములు శిక్షణ నిచ్చిరి. పిమ్మట పది వారములపాటు ఆ పిల్లలు బస్సులోను, భోజనశాలలోను, ఆటస్థలములోను స్నేహితులతో మామూలుగా మాటలాడుచు పొగత్రాగుటనుగూర్చి మాట కలిపిరి. వేదిక లేదు; మైకు లేదు; జెండా లేదు. రెండేండ్లపాటు చూడగా ఆ పాఠశాలలలో పొగత్రాగుట తగ్గినదని 2008లో ప్రకటించిరి. తగ్గుదల అద్భుతమేమియు గాదు. ఏండ్లు గడచినకొలది కొంత సన్నగిల్లినది కూడ. కాని అది నిజమైన తగ్గుదల. ఈ రెండు పరీక్షలును పొగాకునకు సంబంధించినవే కాని గంజాయికి గావని యెవరైన అనవచ్చును. నిజమే. అయినను మొదటి సిగరెట్టు వచ్చు త్రోవనే మొదటి గంజాయి చుట్టయు వచ్చును; ఇచ్చు చేయి ఒక్కటే.

ఇపుడు మన పద్ధతితో దీనిని పోల్చి చూడుడు. మన పాఠశాలలో ఇట్టి సంఘమునకు నాయకుని నెవ్వ రెన్నుకొందురు? ఉపాధ్యాయులు. ఎవ్వరి నెన్నుకొందురు? పరీక్షలో మొదటివాడుగా వచ్చినవానిని, కార్యదర్శిగారి కుమారుని, చక్కగా ఇస్త్రీ చేసిన దుస్తులు ధరించు బాలికను. వారు సద్గుణవంతులే కావచ్చును. కాని చివరి బల్లపై కూర్చుండువాడు వారి మాట వినునా? వాడు వినునది తనవంటి మఱియొకని మాట. మార్కులు తక్కువైనను పదిమందిని వెంట త్రిప్పుకొను బాలుడొకడు ప్రతి తరగతిలోను ఉండును. ఉపాధ్యాయుల పట్టీలో వాని పేరు అల్లరివారి క్రింద నుండును. ఆ బాలునికి ఒక గౌరవమైన పని యప్పగించి చూడవలెనని మన విద్యాధికారులకు తోచకపోవుట విచారకరము.

ఇంతకంటె ఘోరమైన సంగతి యొకటి కలదు. జాతీయ బాలల హక్కుల సంరక్షణ సంఘమువారు మాదకద్రవ్యముల నియంత్రణ సంస్థతో కూడి 2021లో ప్రకటించిన కార్యప్రణాళికలో పాఠశాలలందు "ప్రహరీ క్లబ్బులు" పెట్టవలెనని సూచించిరి. తెలంగాణమున ఈ క్లబ్బులు వెలసినవి. ఆంధ్రప్రదేశమున 2024లో ఏర్పడిన "ఈగిల్" పోలీసు విభాగము పేర విద్యాలయములందు ఈగిల్ క్లబ్బులు వెలసినవి. ఉద్దేశము మంచిదే. కాని పేర్లు చూడుడు: ఒకటి కావలివాడు, ఒకటి డేగ. రెండును కనిపెట్టి చూచునవే గాని చేయి పట్టుకొనునవి కావు. పేరెట్లో నడకయు నట్లే యగుచున్నది. "నీ తోటివారిలో ఎవరైన తీసికొనుచున్నారేమో చూచి చెప్పుము" అని కొన్నిచోట్ల పిల్లలకు పని పెట్టుచున్నారు.

అమ్మువానినిగూర్చి తెలుపుట వేఱు. తోటివానినిగూర్చి తెలుపుట వేఱు. బాలునికి మత్తుపదార్థ మిచ్చువానికి ఏడేండ్లవఱకు కఠిన కారాగారమును, లక్ష రూపాయలవఱకు జుల్మానాయు విధింపవచ్చునని 2015వ సంవత్సరపు బాలల న్యాయ శాసనము చెప్పుచున్నది. అట్టివానిని పట్టి యిచ్చుట పెద్దల ధర్మము. అందులకు ఫోనులు కలవు, ఉద్యోగులు కలరు. కాని ఆ శాసనమే మత్తుమందుల పాలగు ప్రమాదమున నున్న బాలుని "రక్షణ, పోషణ కావలసిన బాలుడు" అని పిలుచుచున్నది, నేరస్థుడని పిలువలేదు. శాసనము రక్షింపుమన్న బాలునిపై మనము తోటి బాలునిచేత వేగు పెట్టించుచున్నాము. దీని ఫలమేమి? స్నేహితునితో తన బాధ చెప్పుకొనదలచినవాడు నోరు మూసికొనును. సంఘములో చేరినవానిని "పోలీసువాడు" అని పిల్లలు వెక్కిరింతురు. ఏ నమ్మకముమీద ఈ పని యంతయు నిలువవలెనో ఆ నమ్మకమునే మొదట త్రెంచి, పిమ్మట భవనము కట్టబూనుచున్నాము.

మఱి పేరు బయటపడిన బాలుని గతి యేమి? పెక్కుచోట్ల జరుగునది అందఱు నెఱిగినదే. తండ్రిని పిలిపింతురు, గది తలుపు మూయుదురు, పాఠశాల పేరు పాడగునని చెప్పుదురు, టీ.సీ. చేతబెట్టుదురు. ఆ సాయంత్రమునుండి ఆ బాలునికి పాఠము లేదు, ఆట లేదు, ఉపాధ్యాయుడు లేడు, దినమంతయు తీరిక. ఆ తీరికలో వానికి స్వాగతము చెప్పువాడు ఎవడో చెప్పనక్కఱలేదు. మన పాఠశాల పరువు నిలిచినది; ఒక తల్లి కుమారుని పోగొట్టుకొన్నది. జ్వరము వచ్చిన బాలుని ఆసుపత్రికి పంపుదుము గాని ఊరినుండి వెడలగొట్టము గదా! ఉచితముగా సలహా చెప్పుటకు 14446 అను జాతీయ ఫోను సంఖ్య కలదు. ప్రభుత్వము నడుపు చికిత్సాకేంద్రములు కలవు. టీ.సీ. వ్రాయు కలముతోనే ఆ సంఖ్యను ఒక కాగితముపై వ్రాసి తండ్రి చేతికి ఇచ్చుట కష్టమా?

మా వాదమునకు ఆక్షేపణలు లేకపోలేదు. వానిలో బలమైనదానిని దాచుట న్యాయము కాదు. పిల్లలను పిల్లలకు అప్పగించినచో కీడును జరుగవచ్చునని అమెరికాలోని పరిశోధకులే చూపిరి. దుడుకు పిల్లలనందఱిని ఒక్కచోట చేర్చి బాగుచేయబూనగా ఒకరినుండి ఒకరు చెడునే నేర్చుకొనిరని 1999లో ఒక వ్యాసము హెచ్చరించెను. విద్యార్థి నాయకులు నడిపిన పాఠములవలన మత్తుమందు ముట్టని స్నేహితులు గలవారికి మేలును, ముట్టు స్నేహితులు గలవారికి కీడును కలిగినట్లు 2007లో మఱియొక వ్యాసము తెలిపెను. దీనిని జూచి "అందులకే పిల్లల చేతికి ఈయరాదు" అనువారు కలరు. మాకు తోచిన అర్థము వేఱు. విద్యార్థి నాయకత్వమనగా విద్యార్థులను గాలికి వదలుట గాదు. రోగము లేనివారిని లేకుండ నిలుపుట స్నేహితుల పని. రోగము వచ్చినవానిని మాన్పుట వైద్యుని పని. మొదటిది రెండవదానిగా మాఱు సమయము గుర్తించుటకు శిక్షణగల ఉపాధ్యాయుడొకడు వెనుక నిలువవలెను. ఈతకు పంపునపుడు గట్టున పెద్దవాడొకడు నిలుచుట ఎట్లో ఇదియు నట్లే. గట్టున నిలుచుటకు మాఱుగా వీపుపై నెక్కి కూర్చుండుటయే నేటి మన పద్ధతి.

"ఇవన్నియు నేల? గంజాయి తోటలు కాల్చివేసిన చాలదా?" అని మఱికొందఱందురు. కాల్చివేయుచునే యున్నారు. విశాఖ మన్యమున 2021-22 సంవత్సరములలో పోలీసులు వేల యెకరముల తోటలు నఱికించిరి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపమున రెండు లక్షల కిలోలకు మించిన గంజాయిని కుప్పలు వోసి తగులబెట్టిరి. ఆ పని చేయవలసినదే. కాని వైట్‌నరు సీసాను ఏ కొండపై తగులబెట్టుదురు? ప్రభుత్వమే అనుమతి యిచ్చి అమ్మించు బ్రాందీని ఎవరు నఱుకుదురు? 2019లోనే శాసనముచే నిషిద్ధమైన ఎలక్ట్రానిక్ సిగరెట్టు నేటికిని రహస్యముగా చేతులు మాఱుచునే యున్నది. సరకు నాపుట ఒక చేయి. కోరిక పుట్టకుండ చేయుట రెండవ చేయి. ఒంటిచేతితో చప్పట్లు మ్రోగవు. పాఠ్యక్రమములో ఈ విషయము చేర్చవలెనని 2016 డిసెంబరులో సుప్రీముకోర్టువారు ఆదేశించుటకును ఇదియే కారణము.

ఇక మన యిండ్ల మాట. ఇది చదువువారికి చేదుగా నుండును. అయినను చెప్పక తప్పదు. కుమారుని ప్రతిజ్ఞకు మురిసిన తండ్రియే ఆ సాయంకాలము వానిచేత కొట్టునుండి సిగరెట్టు పెట్టె తెప్పించును. పదునెనిమిదేండ్లు నిండనివానికి పొగాకు అమ్ముట నేరమని ఆయనకు తట్టదు. ఆదివారము మిత్రులు వచ్చినపుడు సోడాలు తెచ్చుటయు, వేయించిన జీడిపప్పు వడ్డించుటయు బాలుని వంతే. పిల్లవాడు పాఠశాలలో చెవితో వినునది ఒక గంట. ఇంటిలో కంటితో చూచునది ఏడాది పొడుగున. ఐస్‌లాండు అను చిన్న ద్వీపదేశమున 1998లో పదునైదు పదునాఱేండ్లవారిలో నూటికి 42 మంది గడచిన నెలలో మత్తెక్కునట్లు త్రాగితిమని చెప్పిరి. 2016 నాటికి ఆ సంఖ్య 5కు దిగినది. అచట ఉపన్యాసములు పెంచలేదు. తలిదండ్రులు ఒండొరులతో ఒప్పందము చేసికొని పిల్లలు రాత్రి ప్రొద్దుపోయి వీధులలో తిరుగకుండ చూచిరి. ఆటలకు, సంగీతమునకు ధనము కేటాయించిరి. ఏటేట పిల్లలనే ప్రశ్నించి, వారి సమాధానములనుబట్టి పని సవరించుకొనిరి. మనమో, ఆటస్థలము లేని మేడలలో పాఠశాలలు పెట్టి, ప్రొద్దుననుండి రాత్రివఱకు ర్యాంకుల గానుగకు పిల్లలను గట్టి, వారు విసుగుచెందుటకు ఆశ్చర్యపడుచున్నాము.

బాధ పడువారే ముందు నడచిన ఉద్యమములు తెలుగునాట క్రొత్తవి కావు. 1881 డిసెంబరు 11వ తేదిని రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు తొలి వితంతు వివాహము జరిపించినపుడు ఆయనకు అండగా నిలిచినవారు ఆయన విద్యార్థులు. వారి చేతులలో అట్టపలకలు లేవు; ఊరి పెద్దల కోపమునకు ఎదురు నిలిచిరి. నెల్లూరు జిల్లాలో 1990లో మొదలైన అక్షరాస్యతా తరగతులలో చదువ నేర్చిన స్త్రీలు, సారావలన కొంపలు గూలుటనుగూర్చి తమ పాఠములోనే చదివి, తమలో తాము చర్చించుకొనిరి. 1992లో దూబగుంటలో సారాకొట్టు మూయించిరి. ఆ నిప్పు జిల్లా యంతయు నంటుకొని, రాష్ట్రమున 1993లో సారాయు, 1995లో మద్య మంతయు నిషేధింపబడుటకు దారితీసినది. 1997లో ప్రభుత్వము ఆ నిషేధమును సడలించినది. పై యధికారులు చేసిన శాసనమును పై యధికారులే త్రిప్పికొనగలరు. కాని ఆ రాత్రిబడిలో కూర్చుండి చదివి, తెలిసికొని, లేచి నడచిన స్త్రీల తెలివిని ఎవ్వరును త్రిప్పికొనలేదు. అట్టి పాఠమును మన పిల్లలకును చెప్పుడనియే మేము కోరునది.

కావున చదువరులకు మా మనవి యిది. వచ్చు తలిదండ్రుల సమావేశమునకు పోయినపుడు మార్కులతోబాటు మఱి నాలుగు ప్రశ్నలు హెడ్మాస్టరుగారిని అడుగుడు. మీ పాఠశాలలోని సంఘమునకు నాయకులను పిల్లలు ఎన్నుకొనిరా, మీరు నియమించితిరా? వారికి ఎన్ని దినములు శిక్షణ నిచ్చితిరి, ఎవరు ఇచ్చిరి? తోటివాడు తన బాధ చెప్పుకొనినచో ఆ మాట ఎవరి చెవికి పోవును? ఆ బాలుని పేరు హాజరుపట్టీలో నిలుచునా, కొట్టివేయబడునా? ఈ నాలుగింటికి తగిన సమాధానము దొరకిననాడు జూన్ 26వ తేది ఊరేగింపునకు మేమును సంతోషముతో వత్తుము. దొరకనిచో ఆ దినమున పిల్లలను ఎండలో నడిపింపక, పాఠశాల చుట్టు నూరు గజములు కొలువ వారి చేతికి ఒక టేపు ఇండు. వారు కొలిచి చెప్పిన కొట్లపేర్లు వ్రాసికొని, పోలీసుస్టేషనుకు మనమే పోదము.